ఊ అన్నాకే ముద్ద

ఫిబ్రవరి 3

ఈ డైరీ సిమెంటు కొట్టు వాళ్ళది. ప్రతి పేజీ అడుగునా ఒక సిమెంటు బస్తా బొమ్మ, పక్కన ‘తరతరాల బలం’ అని అచ్చు. మట్టిగోడలు పెట్టి బతికేదాన్ని, నాకు ఇంతకంటే మర్యాద ఏం చేస్తారు. కొట్టు పెద్దాయన చేతికిచ్చి, “ఉంచుకోమ్మా, మీ గోడకంటే ఎక్కువకాలం ఉంటుంది” అన్నాడు. ఊరికే వచ్చింది గదా అని తీసుకున్నాను.

రాయమన్నది మాత్రం ఆయన కాదు, ఎక్సర్‌సైజులు చెప్పే అమ్మాయి. ఎముకల డాక్టరు దగ్గర వెనక గదిలో ఉంటుంది. నా కుడిచెయ్యి పట్టుకుని పైకి లేపబోయింది. నేను “చాల్లేమ్మా” అన్నాను. ఎందుకు చాలన్నానో దానికి తెలిసిపోయింది. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళు గోడకి ఆనించి, సాలీడు పాకినట్టు పైకి పాకించాలట. ఎంతవరకు వెళ్తే అక్కడో గుర్తు పెట్టాలట. రోజూ చెయ్యాలి, చేసింది రాయాలి. ఏ గోడైనా పరవాలేదంది. గోడలకి నాకేం కరువు.

ఇంకోటి కూడా చెప్పింది. మూడు నెలలు ఆ చేత్తో బరువు పట్టకూడదు, చెయ్యి భుజం దాటి లేవకూడదు. “మీరేం పని చేస్తారు?” అని అడిగింది. ఇంటిపనే అన్నాను. అబద్ధం ఎక్కడుంది, ఇళ్ళ పనేగా.

తోడుకి ఆడపడుచుని తీసుకెళ్ళాను. ఈయనకి మాత్రం తనకి పన్ను నొప్పి అని చెప్పాం. పాపం ఇంటికొచ్చాక ఈయన ఎదురుగా అన్నం మెత్తగా పిసుక్కుని ఒకవైపే నమిలింది.

ఫిబ్రవరి 4

చేశాను. పెరటి గోడ మీద బొగ్గుతో గీశాను. కళ్ళ ఎత్తుకి వచ్చింది.

ఫిబ్రవరి 6

పని ఒప్పుకున్నాం. కొట్టు పెద్దాయన కొడుకు జిమ్ము కట్టిస్తున్నాడు, మట్టితో. కండలబ్బాయి అని మేం పెట్టుకున్న పేరు. చంకల్లో రెండు బిందెలు ఇరికించుకున్నట్టు నడుస్తాడు గానీ మంచివాడు. ఎండలో లోపల చల్లగా ఉండాలి, గోడ గాలి పీల్చాలి అంటాడు. సిమెంటు అమ్మేవాడి కొడుకు మట్టిగోడ కావాలనడం ఆ ఇంట్లో పెద్ద గొడవే అయినట్టుంది. తండ్రీ కొడుకులు మా ముందే మళ్ళీ ఓసారి వాదులాడుకున్నారు.

చివరికి పెద్దాయన ఒక్క మాట అన్నాడు. “వానలొచ్చేలోపు గోడలు లేవాలి. ఎక్కడ జారినా మర్నాడే ఇటుకలు దింపిస్తా. వీళ్ళని పంపించేస్తా.” కండలబ్బాయి సరే అన్నాడు. మేమూ సరే అన్నాం.

ఈ రోజుల్లో మట్టిగోడ ఎవరడుగుతారు. ఇది నిలిస్తే నలుగురూ చూస్తారు, వాళ్ళలో ఒకరైనా అడుగుతారు. పడిందా, ఇక మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి కూచోవడమే. ఎప్పణ్ణుంచో పిలుస్తోంది. ఇల్లు మంచిదే, మెత్తటి సోఫాలున్నాయి. నాకు కూచోవడం చేతకాదు.

ఫిబ్రవరి 15

రాతి పునాది మీద మొదటి వరస వేశాం.

ఎవరెవరు ఏం చేస్తారో కండలబ్బాయి అడిగి చెప్పించుకున్నాడు. గుంతలో నానిన మట్టిలో గడ్డి వేసి ఈయన కాళ్ళతో తొక్కుతాడు. ముద్ద చేసి పైకి విసురుతాడు. నేను గోడ మీద నిలబడి పట్టుకుని, వేసి, అదుముతాను. ఆడపడుచు నీళ్ళూ గడ్డీ మోస్తుంది, కబుర్లు కూడా.

“మరి మీరు అటు తిరిగి అదుముతుంటారు కదా పిన్నిగారూ, రెడీగా ఉన్నారో లేదో బాబాయ్‌గారికెలా తెలుస్తుంది?” అన్నాడు.

“ఊ అంటాను.”

“అంతేనా?”

“ఊ అన్నాకే ముద్ద.”

పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి ఊ అనకముందే విసిరాడు ఈయన. వీపు మీద పడింది. ఆ పూట నేను గోడ దిగి మా అమ్మగారింటికి నడిచిపోయాను. మళ్ళీ ఎప్పుడూ విసరలేదు.

నడుం వంచి నేను ముద్ద అందుకోవడం చూసి కండలబ్బాయి “మీ కోర్ భలే స్ట్రాంగ్” అన్నాడు. అదెక్కడుంటుందని అడిగాను. నడుమూ పొట్టా కలిపి అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ రెంటినీ పేరు పెట్టకుండానే వాడేశాను.

ఫిబ్రవరి 16

చెయ్యలేదు. అలిసిపోయాను.

అలిసిపోలేదు. తీరిక లేదు.

ఫిబ్రవరి 21

ఈయన కుంటుతున్నాడు. ఎడమకాలు. అడిగితే “మోకాలు పట్టేసింది, కాసేపు ఆగుదాం” అని గుంత గట్టు మీద కూచున్నాడు. సరే అని నేనూ గోడ దిగి నీడలో కూచున్నాను. మళ్ళీ కాసేపటికి లేచి తొక్కి, నాలుగు ముద్దలు విసిరి, మళ్ళీ కూచున్నాడు. నేనూ కూచున్నాను. నాకేం అవసరం లేదు. ఒక్కడూ కూచుంటే చిన్నబుచ్చుకుంటాడని.

వయసు ఎవర్నీ వదలదు అనుకుంటే జాలేసింది. నాకంటే అయిదేళ్ళు పెద్ద కదా.

ఫిబ్రవరి 26

చేశాను. ముక్కు ఎత్తుకి వచ్చింది. పెరట్లో నేల ఎత్తు తగ్గినట్టుంది.

మార్చి 1

ఈ రోజు కుడికాలు కుంటుతున్నాడు. నొప్పి అటు మారిందన్నమాట. రెండూ పోతున్నాయి పాపం.

గట్టి మట్టిలో కాలు దింపి పీకాలంటే మోకాలికి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకని ఒక పని చేశాను. పొద్దున ఈయనకంటే ముందు వచ్చి గుంతలో నాలుగు బిందెలు ఎక్కువ పోశాను. కుడిచెయ్యి వాడలేదు, ఎడమ చంకలో పెట్టుకునే మోశాను. మట్టి హాయిగా జారుతుంది, తొక్కడం తేలిక.

ఆడపడుచు చూసింది. “అన్నయ్యకి చెప్పకు” అన్నాను. ఏదో అనబోయి, “నాకెందుకు వదినా” అని గడ్డి తుంపడానికి పోయింది.

మట్టి కొంచెం పలచనైనంత మాత్రాన ఏమీ కాదు. ఎండ బాగానే ఉంది.

మార్చి 2

నీళ్ళు పోశాను. చెయ్యలేదు.

మార్చి 9

ఈయన ముద్దలు చిన్నవైపోయాయి. ఇదివరకు ముద్ద అంటే బుజ్జి పిల్లని అందుకున్నట్టుండేది. ఇప్పుడు పెద్ద జామకాయంత. ఎత్తుకి కూడా రావడం లేదు. ఒకప్పుడు ఛాతీకి వచ్చి తగిలేది, ఇప్పుడు సరిగ్గా నా నడుం దగ్గరికొచ్చి ఆగుతోంది. మోకాళ్ళతో పాటు చేతులూ పోయాయి.

పైకి అనలేదు. మగాడు, బాధపడతాడు. ఇంకో రెండు బిందెలు పోద్దామనుకుంటున్నాను.

జడ ఆడపడుచు చేత వేయించుకుంటున్నాను. తనకి సరదా.

మార్చి 16

ఆదివారం. కండలబ్బాయి తన జిమ్ము వాళ్ళందర్నీ మట్టి తొక్కడానికి తీసుకొచ్చాడు. ఆ రోజుకి అదే వాళ్ళ క్లాసట. పాపం బాగా తొక్కారు. ఒక అమ్మాయి మణికట్టు మీద వాచీ చూసుకుని, “ఇంతసేపు తొక్కినా ఒక్క అడుగూ వెయ్యలేదంటోందండీ ఇది” అని దిగులు పడింది. నిజమే గదా, ఉన్నచోటే ఉంది.

ఆ పిల్లే నన్నడిగింది, “ఆంటీ, ఫిట్‌గా ఉండటానికి మీరేం చేస్తారు?” అని. ఏం చెప్పాలో తోచలేదు. రోజూ గోడ మీద వేళ్ళు పాకిస్తానన్నాను. రాసుకుంది.

వెళ్ళేటప్పుడు కండలబ్బాయి నాకో చేతి స్ప్రింగు ఇచ్చాడు. పిడికిట్లో పట్టుకుని నొక్కితే పట్టు పెరుగుతుందట. ఎడమ చేత్తో నొక్కుకుంది. కుడిచేత్తో నొక్కుకోలేదు. తుప్పు పట్టిందేమో. కొత్తదే.

ఈయన పక్కనుంచి చూశాడు. “ఇటివ్వు” అని తీసుకుని, మొహం ఎర్రబడేదాకా నొక్కి, “అబ్బే, మనవల్ల అయ్యేది కాదే, కుర్రాళ్ళ కోసం చేసింది” అని తిరిగిచ్చేశాడు. అది కూడా నొక్కలేకపోయాడు. మనసంతా ఎలాగో అయిపోయింది.

మార్చి 17

ఆరు బిందెలు.

మార్చి 28

మా అమ్మాయి ఫోను చేసింది. “ఇంక చాలమ్మా. ఒంట్లో ఓపికుండగానే మానెయ్యండి” అంది. ఓపిక ఉండగా ఎవరైనా ఎందుకు మానేస్తారు. ఆ మాటే అన్నాను. “నాన్నకి ఎలా ఉంది?” అంది. “మోకాళ్ళు బొత్తిగా లేవు” అన్నాను. “నీకు?” అంది.

ఫోను సరిగ్గా వినపడలేదన్నాను.

ఏప్రిల్ 3

పెద్దాయన వచ్చాడు. చేతికర్రతో గోడని పైనుంచి కింద దాకా పొడిచి చూశాడు. కింది వరసలు టంగుమన్నాయి. పై వరస దగ్గర కర్ర కొన దిగింది. “ఇదేమిటి?” అన్నాడు. “ఆరాలండీ” అన్నాను. “ఆరడానికెన్నాళ్ళు?” అన్నాడు. “మీ సిమెంటూ తడిపితేనే గదండీ గట్టిపడేది” అన్నాను. కర్ర కొనకంటిన తడి మట్టి చూసుకుంటూ వెళ్ళిపోయాడు. నిజానికి నా మాటకి అర్థం లేదు.

చేశాను. గడ్డం ఎత్తుకి.

ఏప్రిల్ 14

మూలగోడకి పొట్ట వచ్చినట్టు అనిపించింది. అటునుంచి చూస్తే లేదు. ఇటునుంచి చూస్తే ఉంది. నేను అటునుంచే చూస్తున్నాను.

ఏప్రిల్ 15

గోడ నిలువు చూసే గుండుతాడు కట్టాను. తాడు నిలువుగానే ఉంది. గోడే తాడుని ముందుకు నెట్టింది.

పొట్టలు తగ్గించే చోట గోడకే పొట్ట. కండలబ్బాయి చూసి అదే అన్నాడు, నవ్వుతూనే. నేనూ నవ్వాను. పారతో పొట్ట చెక్కేశాను, ఎడమ చేత్తో.

ఏప్రిల్ 22

పడింది.

ఏప్రిల్ 23

నిన్న రాయలేకపోయాను.

అన్నాలకి ఆపే ముందు ఒక్క నాలుగు ముద్దలు వేసేద్దామన్నది నేనే. మూల మీద నిలబడి అటు తిరిగి అదుముతున్నాను. కాళ్ళ కింద గోడ కదిలింది. దబ్బున పడలేదు. ఎవరో పెద్దమనిషి కుర్చీలోంచి లేస్తున్నట్టు మెల్లిగా, నన్ను మోసుకుంటూనే జారింది. నేను ఊ అనలేదు. ఏమీ అనలేదు.

జారుతూ గుంతవైపు చూశాను. ఈయన పరుగెత్తుకొస్తున్నాడు. గుంత గట్టు ఒక్క అంగలో దాటాడు. గడ్డిమోపు మీంచి దూకాడు. నేను కిందికొచ్చేసరికి కింద ఉన్నాడు. ఇద్దరం మట్టిలో కూలబడ్డాం. నన్ను గట్టిగా పట్టుకుని “ఏమే, ఏమైనా అయిందా, మాట్లాడవే” అని ఒకటే గోల.

నాకేం కాలేదు. ఎవరికీ ఏం కాలేదు. ఆడపడుచు అన్నం క్యారేజీ మాత్రం గోడ కింద ఉండిపోయింది.

నేను మాట్లాడకపోవడానికి కారణం వేరే. ఆయన కాళ్ళవైపు చూస్తున్నాను. అది కుంటివాడి పరుగు కాదు.

“నీ మోకాళ్ళేవి?” అన్నాను.

ఈయన మొహం చూడాలి. లేచి నిలబడి, అప్పుడు గుర్తొచ్చి కుంటుతూ రెండడుగులు వేశాడు. ఏ కాలో తేల్చుకోలేక ఆగిపోయాడు.

తర్వాత వంగి, పడిన మట్టి తీసి ముద్ద చేశాడు. నడుం ఎత్తు నుంచి వదిలాడు. మంచి మట్టయితే ముద్ద ముద్దలాగే ఉండాలి. ఇది పేడకడిలా పరుచుకుంది.

“ఇంత పలచగా ఎందుకు చేసుకున్నావే? నీ చేతికి మెత్తగా కావాలని పోసుకుంటున్నావని ఊరుకున్నాను గానీ, మరీ ఇంతా?”

“నా చేతికా? నీ మోకాళ్ళకని పోశాను.”

“నా మోకాళ్ళకేం?”

ఆడపడుచు క్యారేజీ తవ్వుకుంటూ ఉంది. ఇద్దరం తనవైపు తిరిగాం. తను తలెత్తకుండానే చెప్పింది. “నన్నంటే ఏం లాభం. వదినకి చెయ్యి లేవట్లేదని నీకు తెలిసిపోయినట్టు వదినకి చెప్పకు అన్నావు నువ్వు. నీళ్ళు పోస్తున్నట్టు అన్నయ్యకి చెప్పకు అంది వదిన. ఇద్దరికిద్దరూ చెప్పొద్దంటే నేనేం చెప్పను? మూడు నెలలుగా నోరు కట్టేసుకుని చస్తున్నాను. దానికి తోడు లేని పన్ను నొప్పొకటి.”

నేను ఇంటికి నడిచొచ్చేశాను.

ఏప్రిల్ 24

ఈయనతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 25

మధ్యాహ్నం ఈయనే వచ్చి వరండాలో నా పక్కన కూచున్నాడు.

“కూచోవే అంటే కూచునేదానివా?” అన్నాడు.

నేను కొంచెం అవతలికి జరిగాను.

“నీ చెయ్యి నొప్పిగా ఉంది కాసేపు ఆగు అంటే, నొప్పేమిటి అని ఇంకో వరస ఎక్కేదానివి. అదే నా కాలు నొప్పంటే కూచున్నావు. అందుకని.”

“ముద్దలు?”

“చిన్నవి చేశాను. తక్కువ ఎత్తుకి వేశాను.”

“స్ప్రింగు?”

చెట్లవైపు చూశాడు.

“ఎలా తెలిసింది నీకు?”

“జడ వేసుకోవడం మానేశావు” అన్నాడు.

ఏడుపొచ్చింది. కోపంతోనే. ఇన్నేళ్ళుగా గోడ మీద నిలబడ్డ మనిషిని కదా, కింద నిలబడి ఒకడు నా మీద జాలిపడుతుంటే నేను పైనుంచి వాడిమీద జాలిపడుతూ కూచున్నాను. సిగ్గేసింది. ప్రేమగా కూడా అనిపించింది, అది ఇంకా కోపం తెప్పించింది. “నీ కుంటి నాటకానికి నా గోడ పోయింది” అన్నాను. “నీ నీళ్ళకి పోయింది” అన్నాడు. అక్కడికి మాటలు కలిశాయి.

ఏప్రిల్ 26

పెద్దాయన ఇటుకల లారీకి చెప్పేశాడట. కండలబ్బాయి తలొంచుకుని నిలబడ్డాడు. ఆ కండలన్నీ తండ్రి ముందు ఎందుకూ పనికిరాలేదు.

నేను వెళ్ళి చెప్పాను. “మట్టిది తప్పు కాదండి. నీళ్ళు ఎక్కువ పోసింది నేను. చెయ్యి బాగోకపోయినా గోడెక్కింది నేను. పలచటి వరసలు నరికేస్తాం. కింద గట్టి వరసలున్నాయి, వాటిమీద మళ్ళీ లేపుతాం. తొలి వాన దాకా చూడండి. కదిలితే లారీ మీరు పిలవక్కర్లేదు, నేనే పిలుస్తాను.”

పెద్దాయన కర్రతో కింది వరస ఒకటి తట్టి చూశాడు. “మా దగ్గర కొన్న మేస్త్రీలు గోడ పగిలితే ఎప్పుడూ సిమెంటుదే తప్పంటారు. తనదే తప్పన్నవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు” అన్నాడు. తర్వాత కొడుకుతో, “వాన దాకా” అని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 29

ముగ్గురం పారలతో నరికాం. నరికిన మట్టి మళ్ళీ గుంతలో వేశాం. మట్టితో ఉన్న సుఖం అదే, పడ్డా పనికొస్తుంది.

నీళ్ళు నేను పొయ్యలేదు. కొలత ప్రకారం ఈయన పోశాడు. కుంటలేదు.

ఏప్రిల్ 30

గోడ నేనే ఎక్కాను. ఆడపడుచు వద్దంది. ఈయన వద్దనలేదు, నిచ్చెన వేశాడు.

“మామూలు ముద్ద వెయ్యి” అన్నాను. “జామకాయలొద్దు. ఎత్తు కూడా మామూలు ఎత్తే.”

ఈయన చిన్న ముద్ద చెయ్యబోయాడు. పైనుంచి చూస్తూనే ఉన్నాను. ఇంకాస్త మట్టి తీసుకున్నాడు. ఇంకాస్త. పాత ముద్ద.

ఊ అన్నాను.

ఛాతీ ఎత్తుకే వచ్చింది. సరిగ్గా వచ్చింది. రెండు చేతులూ పెట్టాను. ఎడమ చెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యి అక్కడిదాకా వెళ్ళలేదు. ముద్ద నా చేతుల్లోంచి జారి, గోడకి తగిలి, కింద పడింది.

పడి ముద్దలాగే ఉంది. ఎక్కువ నీళ్ళు లేవు దాన్లో.

“ఇంకోటి వెయ్యనా?” అన్నాడు ఈయన.

వద్దన్నాను. నిచ్చెన దిగాను. దిగేదాకా ఈయన నిచ్చెన పట్టుకున్నాడు. ఆడపడుచు కూడా ఓ చెయ్యి వేసింది.

మే 2

ఎక్సర్‌సైజుల అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఈయన వచ్చాడు, ఎవరి పన్నూ నొప్పెట్టక్కర్లేకపోయింది. నిజం పని చెప్పాను. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. ఈ చెయ్యి ఎంతవరకు తిరిగొస్తుందంటే, జడ దాకా రావచ్చు, గోడ దాకా రాదు అంది. మెల్లిగానే చెప్పింది.

తర్వాత నా మోకాళ్ళు వంచి, తిప్పి, నొక్కి చూసింది. “ఇవి మాత్రం భేషుగ్గా ఉన్నాయండీ” అంది. పాపం, ఇన్నేళ్ళూ వీటినెవరూ అడగలేదు.

మే 5

ఈ రోజు నుంచి తొక్కేది నేను. ముద్ద చేసి విసిరేది ఈయన. గోడ మీద ఆడపడుచు. ఎక్కనంటే ఎక్కనంది. కింద నీడ ఉంటుంది, కబుర్లకి మనుషులుంటారు, పైన ఏముంది అంది. “పైన అన్నీ కనపడతాయి. నాలుగిళ్ళ అవతలి కబుర్లు కూడా” అన్నాను. ఎక్కింది.

పాదాల కింద మట్టి చల్లగా ఉంది. మడమ దింపి, తిప్పి, పీకాలి. గడ్డి కాలివేళ్ళకి చుట్టుకుంటుంది. తొక్కుతూ తొక్కుతూ గోడవైపు చూడకుండా ఉండటానికి మట్టివైపే చూశాను. ఈయన వచ్చి ముద్ద తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు.

“ఊ” అంది ఆడపడుచు పైనుంచి.

ఈయన విసరలేదు.

“ఊ అన్నానన్నయ్యా.”

ముద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“ఇప్పుడు చెవులు కూడా పోయాయా? ఏ చెవి? కుడిదా ఎడమదా?” అంది ఆడపడుచు. మోకాళ్ళ సంగతి తనింకా మర్చిపోలేదు, మర్చిపోదు కూడా.

నేను తలెత్తాను. ఈయన వెనక్కి తిరగలేదు. ముద్ద ఎత్తి, విసరడానికి సిద్ధంగా చేతులు చాపి, గోడవైపే మొహం పెట్టి నిలబడ్డాడు. మట్టినీళ్ళు మోచేతుల మీంచి కారుతున్నాయి. దేనికోసం ఆగాడో నాకు అప్పుడు తెలిసింది. తొక్కడం ఆపాను.

“ఊ” అన్నాను గుంతలోంచి.

విసిరాడు. ఆడపడుచు పట్టుకుంది.

రోజంతా అంతే. పైన ఒక ఊ, కింద ఒక ఊ, అప్పుడు ముద్ద. పని బాగా ఆలస్యమైంది.

మే 6

చేశాను. ముక్కు ఎత్తుకి వచ్చింది. నేల పెరగలేదు, చూసుకున్నాను.

మే 24

తొలి వాన పడింది. పొద్దున మొదలై మధ్యాహ్నం దాకా కుండపోత. గోడల పైన తాటాకులు కప్పి నలుగురం పక్క షెడ్డులో నిలబడి గోడనే చూశాం, నేనూ ఈయనా ఆడపడుచూ కండలబ్బాయీ. ఈయన చేతికి ఏదో ఒకటి ఉండాలి గదా, ఆ స్ప్రింగు పట్టుకున్నాడు. గోడవైపు చూస్తూ ఒంటిచేత్తో టపటపా నొక్కుతూనే ఉన్నాడు, వాన వెలిసేదాకా. నేను చూస్తున్నానని చూసుకుని జేబులో పెట్టేసుకున్నాడు.

వాన వెలిశాక గుండుతాడు కట్టాను. తాడు గోడని ఒరుసుకుని నిలువుగా వేలాడింది.

మే 26

పెద్దాయన వచ్చి మళ్ళీ కర్రతో పొడిచాడు. కింద నుంచి పైదాకా టంగుమంది. మరోసారి పొడిచాడు. కర్ర చంకలో పెట్టుకుని చాలాసేపు లోపల నిలబడ్డాడు. బయట ఎండ మండుతోంది, లోపల చల్లగా ఉంది. ఆయన బయటికి రావడం లేదు.

వచ్చాక మమ్మల్ని పక్కకి పిలిచాడు. కొట్టు వెనక ఖాళీ ఉందట. మధ్యాహ్నం పూట తను నడుం వాల్చడానికి ఓ చిన్న గది కావాలట, మట్టిదే. “ఎవరికీ చెప్పకండి, మా వాడికి అస్సలు చెప్పకండి” అన్నాడు.

“నా ఎదురుగా చెప్పకండి బాబూ” అని ఆడపడుచు రెండు చెవులూ మూసుకుని అటు వెళ్ళిపోయింది.

పెద్దాయన జవాబు కోసం ఈయనవైపు చూశాడు. ఈయన నావైపు చూశాడు.

ఊ అన్నాను.